సారు అడిగిన ఒక్క పేజీ

మత్తయి, షిఫ్టు భద్రత చూసే మైనింగ్ సర్దారుగా ముప్పై ఏళ్లు గని దిగాడు. షిఫ్టు పుస్తకంలో ఏ రోజూ రెండు లైన్లు దాటి రాసిన మనిషి కాదు. గనుల మీదే పరిశోధన చేస్తున్న కూతురు ఎవాంజెలిన్‌కు ఆ గుణం రాలేదు. సెంటినరీ కాలనీ క్వార్టర్‌లో, మధ్యాహ్నం మూడు దాటాక:

"మల్ల ఎన్కకు పంపిండా మీ సారు?"

"మూడోసారి బాపు. అయిదు గంటల లోపల ఒక్క పేజీల రాసి పంపాలెనట. లేకుంటే నా రిసర్చ్ బంద్ అన్నడు."

"ఎన్ని పేజీలు రాసినవ్?"

"తొమ్మిది."

"తొమ్మిదా! గంత ఏమున్నది రాసుటానికి? చదువు, ఇంట."

"భూగర్భ గనులలో పైకప్పు శిలాస్తరాల ధ్వని తరంగాల..."

"ఆగాగు. పైన బండను కర్రతోటి కొడ్తం. సప్పుడు ఇని, గట్టిగున్నదా డొల్లనా చూస్తం. గదేనా?"

"గదే. ఆ సప్పుడును నా మిషన్ పట్టి దాస్తది."

"అయిపాయె. రెండు లైన్లు. మిగిలింది కొట్టెయ్."

"గట్ల కాదు బాపు. సారు ఒకటే అడుగుతున్నడు. కొట్టి చూసెటందుకు సర్దారు ఉన్నడు, రాసెటందుకు పుస్తకం ఉన్నది, మల్ల మిషన్ ఎందుకని."

"దానికేం రాసినవ్?"

"మూడో పేజీ నుంచి అదే."

"ఏదీ... తేమ అంటవ్, గాలి అంటవ్, చెవి అలసట అంటవ్... జవాబు ఏది బిడ్డా?"

"అండ్లనే ఉన్నది."

"లేదు. బండ చుట్టు తిరుగుతున్నవ్ గానీ కొడ్తలేవు."

"చాయ్ పెట్టాల్నా బాపు?"

"చాయ్ వద్దు. గీ ఏడో పేజీల గీత కొట్టినవ్, ఏందది?"

"అది వద్దులే. తీసేసిన."

"'షిఫ్టు పుస్తకంలో పైకప్పు క్షేమమని ఉంది. రెండు గంటల తర్వాత బండ పడి ఒక కార్మికుడు...' మొగిలి సావు గురించా ఇది?"

"పేరు రాయలే."

"మొగిలిదేనా?"

"...ఆఁ."

"ఎందుకు కొట్టేసినవ్?"

"పేజీలు తగ్గాలె గదా."

"తొమ్మిది పేజీలల్ల తీసెయ్యనీకి నీకు గిదొక్కటే దొరికిందా?"

"బాపు, నాలుగైతున్నది, జల్ది పంపాలె..."

"పెన్ను పట్టు. నేను చెప్త. సర్దారు కర్రతోటి కొట్టిండు. డొల్ల మోగింది."

"వద్దు బాపు. నాకు భయమైతున్నది."

"రాయి. డొల్ల అని రాస్తే పని ఆపాలె. షిఫ్టు ఇంక పావుగంటే ఉన్నది. వచ్చెటోడు చూసుకుంటడని, క్షేమం అని రాసి, సంతకం పెట్టి పైకి వచ్చిండు. గిందుకే మిషన్ కావాలె. అయిపాయె."

"బాపూ..."

"రాస్తలేవేంది? ఆ సర్దారు ఎవలని సారు అడిగితే నా పేరు చెప్పు. మీ అమ్మకు తప్ప ఎవ్వలకు చెప్పలే బిడ్డా, పదిహేనేండ్లాయె. నీకు గూడ చెప్పలే."

"నువ్వు అమ్మకు చెప్పిన దినం నేను తలుపెన్కనే ఉన్న బాపు. అందుకే తొమ్మిది పేజీలైంది."