పదకొండో నిమిషంలో ఉన్న మోతాదు

తిరువూరు బస్టాండు దగ్గర పురుగుమందుల కొట్టు. యూట్యూబులో వ్యవసాయ సలహాలు చెప్పే అతను అక్కడ కనబడగానే, వినగడప నుంచి వచ్చిన పత్తి రైతు ఒకావిడ పట్టుకుని నిలదీసింది.

“నీ వీడియో చూసే మందు కొట్టాను బాబూ. ఆకంతా మాడిపోయింది.”

“ట్యాంకుకి ఎంత పోశారు పిన్నిగారూ?”

“రెండు మూతలు.”

“రెండా! ఒక్కటే అని చెప్పాను కదండీ.”

“ఎప్పుడు చెప్పావు? నమస్కారం పెట్టావు, గంట నొక్కమన్నావు, మీ మామయ్య చేను చూపించావు. ఈలోపు మా చేలో సిగ్నల్ పోయి చక్రం తిరుగుతా కూర్చుంది. మొన్న వేరే మందుకి రెండన్నావు కదా అని అదే పోశాను.”

“పదకొండో నిమిషంలో చెప్పానండి.”

“మందు కలిపిన చేత్తో పదకొండో నిమిషం ఎక్కడుందని వెతుక్కోను? వీడియో కింద ఒక్క ముక్క రాసి పెడితే నీ సొమ్మేం పోయింది?”

“రాస్తే ఎవరూ చదవట్లేదండి. వీడియోలు మొదలెట్టక ముందు నాలుగు నెలలు రాసే పెట్టాను. ముప్పై మంది చూశారు. అదే వీడియో అయితే ముప్పై వేల మంది.”

“ఆ ముప్పై మందిలో నేనున్నాను. అప్పుడు నా చేను బానే ఉంది.”

“రెండూ చెయ్యాలంటే టైమెక్కడిది పిన్నిగారూ?”

“సరే, ఒకటి చెప్పు. అంతసేపూ మా మొహంలోకి చూసి మాట్లాడతావు. మోతాదు దగ్గరకొచ్చేసరికి కిందికి చూస్తావే, అక్కడేముంది?”

“అదా... పొరపాటున తప్పు చెబుతానేమోనని కాగితం మీద రాసుకుంటానండి.”

“ఆ కాగితం ఇటియ్యి.”