అడెలీనో మావయ్య కప్పు మీది క్యాబేజీ తోట

ఆగస్టు పదిహేను, మేరీమాత పండుగ, సాయంత్రం ఐదున్నర. టొరంటోలో మా ఇంటి ముందు అరుగు మీద అందరం చేరాం. మేడ మీద అమ్మమ్మ గది కొలిమిలా ఉంది. పాపం, రాత్రుళ్లు ఆమెకు నిద్ర లేదు. కప్పు మీద మొక్కలు వేస్తే చల్లబడుతుందని నేనన్నాను. కప్పు బరువు మోయదన్నాడు మా ఆయన. పర్మిషన్ రాదంది అమ్మ.

అడెలీనో మావయ్య వైన్ గ్లాసు కింద పెట్టాడు.

"ఇవన్నీ పిరికివాళ్ల కబుర్లు! పోయినేడు మా ఇంటి మీద నేను వేయలేదూ? ఏవో నాలుగు క్యాబేజీలే అనుకోండి. కప్పుతోటల కంపెనీవాళ్లు వేయమనే గడ్డి మనమేం మేస్తామా, సూపులోకి పనికిరావాలి గానీ! కప్పు ఆగదన్నాడు ఇంజనీరు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అతన్ని కప్పు మీదే కూర్చోబెట్టి, చుట్టూ మన చర్చి బ్యాండునంతా గెంతించాను, డప్పులతో సహా. కిర్రుమంటే ఒట్టు!"

"మాకు వినపడలేదే?" అన్నాడు మా ఆయన.

"గాలి అటు వీచిందిలే. తర్వాత పర్మిషన్ ఆఫీసరొచ్చాడు. ఆకుల్లో దారి తప్పి, వారానికి గడ్డంతో బయటపడ్డాడు!"

"మరి తిండో?" అన్నాడు మా ఆయన.

"క్యాబేజీలే! ఇక పెద్ద వానొచ్చిందా, ఊరంతా మునిగితే నా తోట వాననంతా తాగేసి, ఇంకా కావాలంది. ఊరి పక్క సరస్సుకి పైపు వేశాను. సరస్సు జానెడు దిగిపోయి, పడవలవాళ్లు ఒకటే తిట్లు! చల్లదనమంటారా, నడి ఎండాకాలంలో పై గదిలో మా జుల్మీరా కంబళి కప్పుకుని, వణుకుతూ జపమాల తిప్పేది."

జుల్మీరా అత్త శిలువ గుర్తు వేసుకుంది.

అమ్మమ్మ లేచి నిలబడింది. "ఒరే అడెలీనో, నా తలగడ తెచ్చుకుంటానుండు. ఈ రాత్రి నుంచి ఆ గదిలోనే పడుకుంటాను."

"అమ్మా... అది... ఇప్పుడంటే..."

"ఆ గదికి సీలింగు లేదత్తయ్యా," అంది జుల్మీరా అత్త మెల్లగా. "నీళ్లు దిగకుండా అడుగున వేసే పొర దండగన్నారు ఈయన. మోకాలి లోతు మట్టి పోశారు. మొదటి వానకే తోటంతా మంచం మీదికొచ్చింది. సూపుకి అక్కడే కోసుకున్నాం."

మర్నాడు పొద్దున ప్రార్థన కాగానే, ఫాదర్ గారొస్తే తప్ప తలుపు తీయని కింది ముందు గదిని ఖాళీ చేశాం. ప్లాస్టిక్ తొడుగు కూడా విప్పని సోఫాను మావయ్యే మోసి బేస్‌మెంట్లోకి దించాడు. ఆ ముందు గదిలో మంచం వేయగానే అమ్మమ్మ గురక మొదలైంది. నేను వంటింట్లోకి వెళ్లి, గొంతు తగ్గించి, మా కప్పు ఎంత బరువు మోస్తుందో వచ్చి చూడమని ఇంజనీరుకు ఫోన్ చేశాను.