తూటా తగలని కాలు

"కాకా, నా చెవుల సంగతి ఆ డిసెబిలిటీ ఫారంల ఎట్ల రాయాల్నో జర జెప్పు. నీకు మంజూరైందట గదా."

అయింది సురేశా, అయింది. కూసో ముందుగాల. ఇటు, ఈ మంచం మీద కూసో, కుడి దిక్కు. ఫౌజుల తోపులు, గా ఫిరంగులు, పేల్చి పేల్చి పోయినయి గదా నీ చెవులు. నీకు ఎడమ చెవేనా శాన తక్లీఫు? రెండూనా? సరె, నేనే జర గట్టిగ మాట్లాడ్త.

మీ నాయిన భద్రావతి బొగ్గు బాయిల పని జేసేటప్పుడు గూడ గిట్లనే మాట్లాడుతుండె, మెల్లగ మాట్లాడుడు రాకపోతుండె ఆయనకు. బాయిలనేమో మిషిన్ల మోత, ఇంట్లనేమో ఎవ్వలు చెవిటోళ్లు లేకపోయినా... ఏం జెప్తున్న? ఆఁ, ఫారం.

నీ చెవుల ముచ్చట కంటె ముందు నా కాలు ముచ్చట ఇను. నేను జేసిన గల్తీ నువ్వు జెయ్యొద్దని జెప్తున్న, గొప్పకు కాదు. గొప్ప ఏం లేదు ఇండ్ల.

నాకు ఇరవై నిండలే గప్పుడు. నాగపూర్‌ల ఫౌజు భర్తీ అంటె పోయిన. రాజురా బస్టాండుల చాయ పదిహేను పైసలు... కాదు కాదు, ఇరవై. పదిహేను మా నాయిన కాలంల. ఛాతి కొలిచిండ్రు, ఉరికిచ్చిండ్రు, తీసుకున్నరు. ఊరంత ఏమనుకున్నరు, మల్లేశ్‌కు తుపాకి ఇస్తరు అనుకున్నరు. నేను గూడ గట్లనే అనుకున్న. నాకు తాడు ఇచ్చిండ్రు బిడ్డా. ఆ తాడు అవుతలి కొసకు ఖచ్చర్ ఉన్నది.

ఖచ్చరంటె నీకెర్కే గదా, కంచరగాడిద. గుర్రానికి, గాడిదకు పుట్టింది. కొండల మీద బండి పోని తావుల చౌకీలకు పిండి, గ్యాసునూనె, మందులు, అన్ని గవే మోసేటియి. గిట్ట మీద నంబరుంటది గనీ మేం పేర్లు పెట్టుకుంటుంటిమి. నాదాని పేరు చమేలీ. మంచిదే పాపం. తిండి కాడ తొందర, నడక కాడ నిదానం, నా లెక్కనే.

ఒకనాడు మంచు కరిగే దినాలల్ల కట్టె వంతెన మీదికెల్లి పోతున్నం. కింద వాగు. ఒక పలక ఫట్టున ఇరిగింది. చమేలీ బెదిరింది. నేను తాడు గుంజిన, అది గిర్రున తిరిగి ఎనుక కాలుతోని ఒక్కటిచ్చింది. ఇదో, ఈడ, ఎడమ తొడ మీద. బొక్క ఇరిగిన సప్పుడు నాకే ఇనవడ్డది. సాబ్ ఉరికొచ్చిండు. వచ్చి ఏమడిగిండు చెప్పు? "ఖచ్చర్ ఠీక్ హై?" అని అడిగిండు. తప్పేం లేదు, దాని ధర నాకంటె ఎక్కువుండె.

ఐదు నెలలు దవాఖానల పన్న. ఇంటికి పోను సుట్టి, సెలవు, ఇచ్చిండ్రు. కట్టె పట్టుకొని రాజురాల బస్సు దిగిన. మా అక్క మొగడు, బావ, నన్ను తోలుకపోను వచ్చిండు. ఇప్పుడు లేడులే, పోయి శానేండ్లాయె. అదే వారం నాకు పిల్లను జూడవోయేదుండె.

"ఏమైందిరా కాలుకు?" అన్నడు. జెప్పిన.

నవ్వుతడనుకున్న. నవ్వలే. తల పట్టుకొని గాడనే కూసున్నడు. "పిల్ల తండ్రికి ఏమని జెప్పాలెరా మల్లేశా? మా పిలగాన్ని ఫౌజుల గాడిద తన్నిందని జెప్పాల్నా?"

"గాడిద కాదు బావా, ఖచ్చర్" అన్న.

"నువ్వు నోరు మూసుకో" అన్నడు.

మూసుకున్న. ఇగ పిల్లోళ్ల ఇంట్ల బావ ఒక్కడే మాట్లాడిండు. సరిహద్దు అన్నడు, తూటా అన్నడు, కుండెడు రక్తం పోయిందన్నడు. పిల్ల తండ్రి, అదే మా మామ, లేసి నా రెండు చేతులు పట్టుకున్నడు, కండ్లల్ల నీళ్లు ఆయనకు. నేను నేల సూసిన. వాళ్లకు నా సిగ్గు గూడ వినయం లెక్క కనవడ్డది. నేను అబద్ధం ఆడలే సురేశా, దేవుని తోడు. నేను అసలు మాట్లాడనే లేదు.

ఇగ అక్కడికెల్లి చూడు. జెండా పండుగ వస్తె నాకు ముందు వరుసల కుర్చీ, శాలువ. ఒక తూటా రెండైంది, రెండు మూడైనయి. ఒక ఏడు సర్పంచి భాషణంల నేను ఒక దుష్మన్‌ను భుజం మీద ఎత్తుకొచ్చిన్నట. ఇరిగిన కాలుతోని! నేను చప్పట్లు గొట్టిన. ఏం జేస్త మరి, అందరు గొడుతుండ్రి.

ఇగో, మొదటి గల్తీ ఇప్పుడు జెప్తున్న, మంచిగ ఇను. పదిహేడేండ్ల నౌకరీ అయినంక ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ సూస్తడు గదా. "కోయీ తక్లీఫ్?" అని అడిగిండు. కాలు పొద్దుగాల పొద్దుగాల కట్టె లెక్క అయితుండె గప్పటికే. నేనేమన్న? "నహీ సాబ్!" అని మడిమలు టక్కున కొట్టి సావధాన్‌ల నిలవడ్డ. ఆ టక్కుకు నొప్పి నెత్తికెక్కింది, అయినా పండ్లు ఇకిలిచ్చిన. డాక్టర్ రాసుకున్నడు, తక్లీఫు లేదని. ఒక్క మాటతోని నా కాయిదం నేనే ఖరాబు జేసుకున్న. నువ్వు ఏమన్నవ్ ఫౌజుకెల్లి వచ్చేటప్పుడు? చెవుల మోత ఉన్నదని రాయించినవా? ఆఁ, శాబాస్. గా కాయిదం నకలు తీసి పెట్టుకో. అసలుది ఎవ్వలకు ఇయ్యకు, మీ బావకు గూడ.

తరువాత యేండ్లకు ఏమైంది, కాలు వంగుడు బందైంది. చేన్ల పత్తి ఏరుదామంటె వంగరాదు. చంద్రపూర్‌ల మన ఫౌజోళ్ల ఆఫీసుకు పోయిన. ఆడ ఒక రిటైర్ సుబేదార్ కూసుంటడు, మంచి మనిషి. "బాబా, అర్జీ పెట్టు. ఎప్పుడు, ఏడ, ఎట్ల. మూడు లైన్లు రాయి, నాలుగోది వద్దు" అన్నడు.

నేను మరాఠీ ఏడో తరగతి. తెలుగేమో మాట్లాడుడే గనీ రాసుడు రాదు. మా ఊర్ల గురుజీ ఉన్నడు గదా, బడిల మరాఠీ చెప్పి రిటైర్ అయిండు, ఆయన కాడికి పోయిన. సుబేదార్ మూడు లైన్లన్నడు. గురుజీ మూడు పేజీలు రాసిండు.

పంచాయతీ అరుగు మీద పది మంది నడుమ కూసోని రాసిండు, రాసుకుంట సదువుకుంట. పున్నమి వెన్నెల ఉండెనట. మంచు మీద నా రక్తం కుంకుమ లెక్క పడ్డదట. నేను పడుకుంట మాతృభూమి అని మూడుసార్లు అన్ననట. నేను వాస్తవంగ ఏమన్ననో ఆడోళ్ల ముందల జెప్పరాదు. "గురుజీ, జర ఆగుండ్రి..." అన్న. "తుమ్హీ థాంబా" అన్నడు, నువ్వే ఆగు అన్నడన్నట్టు. అయిపోంగనే అందరు చప్పట్లు. సర్పంచి పెన్ను తీసి నా చేతుల పెట్టిండు. సహీ జేసిన.

గదే రెండో గల్తీ. ఇజ్జత్ కోసం సహీ జేసిన. అబద్ధం అర్జీకి కేసు గూడ అయితదని గప్పుడు నాకు తెల్వదు.

నాలుగు నెలలకు జవాబొచ్చింది. సగం ఇంగ్లీషు, సగం హిందీ. గురుజీ హోటల్ ముందల చాయ తాగుతుండె. లిఫాఫా జూసి ఆయనే అందుకున్నడు, గొంతు సవరిచ్చుకున్నడు, జెండా కాడ సదివినట్టు సదువుడు షురూ జేసిండు. మొదటి రెండు లైన్లు జోరుగనే ఉండె. మూడో లైన్ల మెల్లగైండు. ఆగిండు. కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. మల్ల సదివిండు.

ఏమున్నది అండ్ల? ఈ జవాన్ రికార్డుల తూటా గాయం ఏది లేదు. డ్యూటీ మీద ఉండంగ ఖచ్చర్ తన్నుడుతోని ఎడమ తొడ బొక్క ఇరిగింది. అర్జీల రాసింది వేరే ఉన్నది, జవాబియ్యాలె. గంతే.

పొయ్యి మీద పాలు పొంగుతున్నయి, ఎవ్వలు దించుతలేరు. గప్పుడు మా పక్కింటి భీమయ్య, ఏం దెల్వనోడు పాపం, అడిగిండు: "ఖచ్చరంటె ఏం తుపాకి కాకా అది? చీనోళ్లదా?"

ఔనందామనుకున్న సురేశా. నాలిక మీది దాక వచ్చింది. గనీ గురుజీ మొఖం జూసిన. ఆయన వెన్నెల, ఆయన కుంకుమ, అన్ని పాలిపోయినయి. "తుపాకి కాదురా. కంచరగాడిద" అన్న.

ఇగ నవ్వులు. ఒకడు బెంచి మీదికెల్లి పడ్డడు. గురుజీ నవ్వలే. "ఒక్క మాట జెప్తే ఏమాయె, నేను ఖచ్చర్ మీద గూడ మంచిగ రాస్తుంటి" అని లేసి పోయిండు. వారం దినాలు మాట్లాడలే నాతోని.

ఇంటికి ఎట్ల పోవాలె? నలభై ఏండ్ల కాపురం. మా ఇంటామె వంకాయలు కోస్తుంది. ముందల కూసోని అన్ని జెప్పిన. వంతెన, చమేలీ, బావ, అన్ని. ఆమె తల ఎత్తలే. వంకాయ తిప్పి పురుగున్నదేమో జూసుకుంది.

"నాకు పెండ్లైన వారంలనే ఎర్క" అన్నది.

"ఎట్ల?"

"నిద్రల చమేలీ, చమేలీ అంటుంటివి. ఎవతో ఉన్నదనుకొని ఏడు దినాలు ఏడ్సిన. మా అవ్వకు గూడ జెప్పుకోలే. ఎనిమిదో దినం, చమేలీ, కాలెత్తు, నాడ సూడాలె అన్నవు. గప్పుడు నా పానం నిమ్మళమైంది."

ఆమె ఇంకా జెప్తుంది: "తొడ మీద మచ్చ సూడలేదా నేను? మా నాయిన ఎడ్లకు నాడాలు కొట్టిచ్చేటోడు. ఎద్దు నాడ రెండు తునకలు. నీ మచ్చ ఒక్కటే తునక, గుండ్రంగ. గుర్రం జాతిదే అనుకున్న."

"మరి గిన్నేండ్లు అడుగకపోతివి?"

"నువ్వు జెప్తవని జూసిన" అన్నది. గంతే. ఇంకొక వంకాయ తీసుకుంది. నలభై ఏండ్లు నా అబద్ధానికి కాపలా కాసింది బిడ్డా, నేనేమో ఆమె కాడనే దాచుకుంట తిరిగిన.

రెండో అర్జీ నేనే రాసిన. కోడి కెలికినట్టుంటది నా రాత. మూడు లైన్లు. కింద ఒకటి ఎక్కువ పెట్టిన, మొదటి అర్జీల తప్పు రాసిన, మాఫ్ జేయుండ్రి అని. సుబేదార్ సదివి "గిట్ల ఉండాలె" అన్నడు. నువ్వు గూడ రిజిస్టర్ పోస్టు చెయ్యి, రసీదు పారెయ్యకు. చేతికి ఇస్తె నకలు మీద ముద్ర కొట్టిచ్చుకో. రాసుకో, రాసుకో.

ఇగ పెద్ద మిలటరీ దవాఖానకు పిలిచిండ్రు. ఆమెను తోలుకపోయిన. డాక్టరమ్మ, మన బిడ్డ ఈడుంటది. నేను లోపల అడుగు పెట్టిన్నో లేదో, "కైసే హో బాబా?" అన్నది. నా నోరు దానంతట అదే, "ఏకదం ఠీక్ సాబ్!" అన్నది. మడిమలు గూడ టక్కుమన్నయి.

తలుపు కాడికెల్లి మా ఇంటామె ఉరికొచ్చింది. "ఏం ఠీక్? కాయ్ ఠీక్? పొద్దుగాల సండాసుల కూసోని లేవరాక నన్ను పిలుస్తడు! బస్సు మెట్లు ఎక్కడు, ఇద్దరు పట్టి ఎక్కియ్యాలె! మేడం, ఇతని మాట ఇనకుండ్రి, ఇతను ఫౌజోడు!"

సగం తెలుగు, సగం మరాఠీ. డాక్టరమ్మకు పూర సమజైంది. అందుకే అంటున్న, నీ ఇంటామెను తోలుకపో. మనం మంచి దినం ముచ్చట జెప్తం, వాళ్లు చెడ్డ దినం ముచ్చట జెప్తరు. రాసేది చెడ్డ దినం ముచ్చటనే.

తరువాత డాక్టరమ్మ పాత కాయిదం తీసి సదివింది. మా సాబ్ రాసిండట, గాయమైనా జవాన్ తాడు ఇడువలేదు, ఖచ్చర్‌ను, సామానును కాపాడిండు అని. నాకు తెల్వనే తెల్వదు గా ముచ్చట. ఖచ్చర్ ఠీక్ హై అన్నాయన నా గురించి గట్ల రాసిండు! జర ఛాతి ఉబ్బింది. గనీ అప్పటికే నిజం జెప్పుడు అలవాటు పట్టింది గదా, ఆపుకోలేకపోయిన. "మేడం, అది గూడ పూర ఖరా కాదు. తాడు నా చేతికి సుట్టుకుంది. ఇడుద్దామన్నా ఊడలే."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. నవ్వు ఆపుకుంట ఆపుకుంట, "బాబా, నేనడిగింది కాలు ఏడి దాక వంగుతదని" అన్నది.

వంచి సూపెట్టిన. వంగిన కాడికి వంచిన. కండ్లల్లకెల్లి నీళ్లొచ్చినయి, తుడుసుకోలే. గదే మొదటిసారి బిడ్డా, ఒకరి ముందల నొప్పి అని నోరు తెరిచి అన్నది. సిగ్గనిపిచ్చింది. బయటికొచ్చినంక తేలికనిపిచ్చింది.

మంజూరైన కాయిదం వస్తె గురుజీకే ఇచ్చిన, సదువుమని. హోటల్ ముందలనే. నౌకరీ మీద ఉండంగ, నౌకరీ పనితోనే తగిలిన దెబ్బ అని ఉన్నది. ఎవ్వలు చప్పట్లు గొట్టలే. భీమయ్య పాలు దించుకచ్చిండు, చాయ పోసుకున్నం. శాలువలు కప్పిన నాడు ఎన్నడు తిన్న తిండి ఒంటవట్టలే నాకు. ఆ దినం మంచిగ తిన్న.

ఒక్కటే బాధ. నేను దవాఖానకు పోయినంక చమేలీని మల్ల సూడలే. ఏమైందని డాక్టరమ్మను అడిగిన, ఆ కాయిదాలల్ల లేదన్నది. గది గూడ పన్నెండేండ్లు మోసే ఉంటది సర్కారు బరువు. దానికెవ్వలు రాస్తరు అర్జీ...

సరె, నీకు బస్సు ఉంటది. తోపు పేలినప్పుడు నువ్వు ఏడ నిలవడ్డవు, చెవులల్ల దూది ఉండెనా లేదా, గదే రాయి. ఉండకపోతె ఉండలేదనే రాయి. పో బిడ్డా. నీ పిల్లలు ఎనుకకెల్లి పిలిస్తె నువ్వు మర్లి సూడాలె, గంతే నేను కోరుకునేది. చల్లగుండు.

ఏందీ? ఇనవడలేదా? చల్లగుండు అంటున్న! చల్లగ! ...ఇటు, ఇటు వంగు, నెత్తి మీద చెయ్యి పెడ్త. ఇగ సమజైతది.