ముందు సీటు

“మా జీపు సంగతి మీకు చెప్పలేదు గదా?” అన్నాడు ముత్తన్న, చాయ్ గ్లాసు అరచేతుల మధ్య తిప్పుతూ.

చెప్పకపోవడమేమిటి! బోధన్ రోడ్డు మీద సాయన్న హోటల్లో చాయ్ తాగేవాళ్లలో ఆ జీపు సంగతి విననివాడు లేడు. ఒకప్పుడు చక్కెర ఫ్యాక్టరీ చెరుకు ఆఫీసరు తోటల వెంట తిరిగిన పాత జీపు అది. పనికిరాదని పక్కన పెడితే ముత్తన్న మోజుపడి ఇంటికి తెచ్చుకున్నాడు. తానే బాగుచేస్తానని పెరట్లో పెట్టి విప్పాడు. విప్పడం దాకా అంతా బాగానే జరిగింది. దించిన ఇంజను ఆ ఏడు పసుపుకొమ్ములకు మెరుగుపెట్టే డ్రమ్ము తిప్పడానికి అక్కరకొచ్చింది. ఈ ఒక్క సీజనే అనుకున్నాడు. ప్రతి ఏడూ అలాగే అనుకున్నాడు. చక్రాలు చెరుకు బండి కిందికి పోయాయి. పైకప్పు గుడ్డ వానొచ్చినప్పుడల్లా పసుపు రాశి మీదికి పోయింది.

చివరికి మిగిలింది ముందు సీటు. దానికి మాత్రం కొత్త రెగ్జిను వేయించి అరుగు మీద పెట్టాడు. జీపు తయారు కాగానే ఆ సీట్లో కూర్చోబెట్టి సిరికొండకు, ఆమె అక్క పోశవ్వ దగ్గరికి తీసుకుపోతానని భార్య హన్మవ్వకు మాటిచ్చాడు. హన్మవ్వ ఇన్నేళ్లూ ఆ సీటు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

నిన్న సిరికొండ నుంచి ఫోనొచ్చింది. చక్కెర రోగంతో పోశవ్వకు చూపు పూర్తిగా పోయిందట. పొద్దున లేస్తూనే హన్మవ్వ సంచి సర్దుకుంది. “నిజామాబాద్‌ల మారి బస్సుల పోదాం, నువ్వు గూడ రా” అంది. “పసుపు పని ఒడువనియ్యి, జీపుల పోదాం” అనేశాడు ముత్తన్న. అనాలని అన్నది కాదు, నోటికి అలవాటైన మాట జారింది. ఆమె సంచి మూతి ముడేసింది. నాలుగు తిట్టినా బాగుండేది. అతను ఇంట్లో నిలవలేక, బస్సు ఎక్కిస్తానని చెప్పి ముందే వచ్చి, ఈ హోటల్లో రోడ్డుకు వీపు పెట్టి కూర్చున్నాడు. లోపల గుచ్చుతున్నదాన్ని కోతలతో కప్పడం తప్ప వేరే విద్య అతనికి రాదు.

“మొన్న ఐతారం జీపు తయారైంది.”

“మొన్న ఆదివారం మీ ఇంజను మా పసుపు తిప్పింది కదండీ ముత్తన్నగారూ!” అన్నాడు కిషోర్‌బాబు. వాళ్ల తాత కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూమి కొన్నాడు, ఇంట్లో ఇంకా అక్కడి మాటే.

“పొద్దుగాల మీ పసుపు తిప్పింది, మాపటీలికి జీపుల కూసున్నది. గదే చెప్తున్న, జర ఇనుండ్రి. తుప్పువట్టిన బాడీకి చింతపండు వెట్టి, ఇత్తడి బిందె తోమినట్టు తోమిన. ఎట్ల మెరిసిందంటే, మా కోడిపుంజు అండ్ల దాని మొఖం అదే సూసుకొని, ఇంకో పుంజు వచ్చిందని కొట్లాటకు దిగింది. సరే, స్టార్ట్ చేద్దామంటే డీజిల్ లేదు. ఏం జేసిన్నో ఎరుకేనా? ట్యాంకుల బిందెడు చెరుకు రసం వోసిన. ఒక్క సెల్ఫుకు గుర్రుమన్నది!”

“నిమ్మకాయ పిండినవా అన్నా?” అన్నాడు సాయన్న, గ్లాసులు కడుగుతూ.

“అల్లం గూడ ఏసిన. అల్లం లేకుంటే బండికి జోరెక్కడిది? ఇగ నిజామాబాద్ చౌరస్తాకు పోంగనే ఇంజనుకు పాత అలవాటు యాదికొచ్చింది. డ్రమ్ము తిప్పిన ఇంజను గద, చౌరస్తా సుట్టు తిరుగుడే తిరుగుడు! పోలీసాయన సీటీ ఊది ఊది అలిసి కిందవడ్డడు. ‘సార్, దీనికింక పసుపు సీజన్ ఒడువలే’ అని చెప్పి బయటపడ్డ. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? సైలెన్సర్లకెళ్లి పాకం కారవట్టె. ఎనుకకు సూస్తే చీమలు! గీ హోటల్ కాడికెళ్లి నిజామాబాద్ దాంక ఒకటే బారు. సిరికొండ గుట్ట ఎక్కంగ రసం ఒడిసింది, బండి ఆగింది. ఎవలు నూకిండ్రనుకున్నరు? గా చీమలే నూకినయి! నేను ‘జోర్ లగాకే’ అంటే అవి ‘హైసా’ అన్నయి.”

“చీమలు హైసా అన్నాయా?”

“కొన్ని మరాఠీల గూడ అన్నయి. బార్డరు చీమలు గద కిషోర్‌బాబూ!”

హోటలంతా పడీ పడీ నవ్వింది. ఆ నవ్వులోనే సాయన్న అడిగాడు. “మరి వదినె యాడ కూసున్నది?”

“ముందు సీట్ల. ఇంకేడ కూసుంటది?” ముత్తన్న గొంతు దానంతటదే తగ్గింది. “కొంగు గాలికి ఎగురుతాంటే ఒక చేత్తోని వట్టుకున్నది. ఇంకో చెయ్యి ముంగటి కడ్డీ మీద. నా దిక్కు సూడలే. తొవ్వే సూస్తాంది, నవ్వుకుంట.”

ఇది అప్పటికప్పుడు అల్లింది కాదు. ఎన్నోసార్లు కళ్లారా చూసుకున్నదే. చూసుకున్నంత సులువుగా ఒక్కసారైనా బోల్టులు బిగించి ఉంటే ఎంత బాగుండేదని అతని ప్రాణం ఉసూరుమంది. అయినా నోరు ఆగలేదు.

“పోశవ్వొదినె వాకిట్ల కూసున్నది. మా బండి తీపి పొగ పోయి ఆమె కండ్లకు తాకింది. తాకంగనే సూపు వచ్చింది! దిగ్గున లేసి, ‘మా హన్మి జీపుల వచ్చింది, ముందు సీట్ల వచ్చింది’ అని ఊరంత ఇనవడేటట్టు ఒర్రింది.”

ఎవరూ నవ్వలేదు. సాయన్న చేతిలో గ్లాసు ఆగిపోయింది. అతను ముత్తన్న వీపు వెనక వైపు చూస్తున్నాడు.

“అక్కకు సూపు వచ్చిందా?”

ముత్తన్న తిరిగి చూశాడు. సంచి చంకకు తగిలించుకుని హన్మవ్వ నిలబడి ఉంది. మొహంలో కోపం లేదు. కోపం ఉంటే ఏదో ఒకటి చెప్పి నవ్వించేవాడు.

“ఇన్నేండ్లు ఏ బండి సప్పుడైనా బయిటికొచ్చి సూసిందట, నేనేమో అని,” అంది ఆమె. “ఇగ సప్పుడే ఇంటది.”

కిషోర్‌బాబు తల దించుకున్నాడు. బస్సు వచ్చి ఆగింది. హన్మవ్వ ఎక్కింది. ముత్తన్న తాగని చాయ్ అక్కడే పెట్టి ఆమె వెనకే ఎక్కాడు. ముందు సీట్లు నిండి ఉన్నాయి. వెనక చక్రం మీద సీటు దొరికింది. ఆమె సంచి ఒళ్లోకి తీసుకుని అతనికి చోటిచ్చింది.

“అక్కకు నువ్వే చెప్పు,” అంది. “జీపుల వచ్చినమని. ఆమెకు కనవడది గద, నమ్ముతది. చీమల సంగతి గూడ చెప్పు, నవ్వుతది.”

చీమలతో హైసా అనిపించిన ముత్తన్న, కళ్లలో నీళ్లు తిరిగితే కిటికీ వైపు తల తిప్పుకున్నాడు.

ఎక్కడికని కండక్టరు అడిగితే, నిజామాబాద్ అని హన్మవ్వే చెప్పింది.