నడుము వదులు చేసిన చేయి

హలో… ఆ, నేనేరా తమ్ముడూ. చెప్పు.

ఆస్పత్రిలోనే… మెట్ల దగ్గర నిలబడ్డా. స్కానింగ్ అయింది, రిపోర్టు నా చేతికిచ్చారు. మీ చిన్నక్క లోపల బట్టలు మార్చుకుంటోంది.

— ఆగరా, చెప్పనీ.

— పొట్ట ఉబ్బరం గ్యాసేనని పాలు మానేసి రెండు నెలలైంది. శనగలు, క్యాబేజీ, సోడా… అన్నీ మానేసింది. చూయింగ్ గమ్ కూడా. టికెట్ కౌంటర్లో కూర్చుని ఐదు నిమిషాల్లో తిండి మింగేస్తే గాలి కూడా లోపలికి పోతుందని ఫోన్లో చదివి నువ్వే కదా చెప్పావు… అవును, నమిలి నమిలి తింటోంది. నీ మాట జవదాటలేదు.

— నవ్వకు. నేనూ నవ్వాను. నవ్వుతూనే దాని యూనిఫాం ప్యాంటు నడుము వదులు చేశా. మూడుసార్లు… నాలుగంగుళాలు. అదే చేత్తో చొక్కా భుజాలు బిగించా. మనిషి చిక్కిపోతుంటే పొట్ట ఒక్కటే ఎందుకు పెరుగుతోందని… ఇరవై ఏళ్లుగా టేపు పట్టుకున్నదాన్ని, ఒక్కసారి అనుకోలేదురా. కొలిచాను, కుట్టాను, ఇచ్చేశాను.

— గ్యాస్ కాదు. నీరు… పొట్టలో నీరు చేరింది. అండాశయంలో గడ్డ. క్యాన్సరే. కాలేయం దాకా పాకిందట.

— లేదురా, ఆపరేషన్ చేసే దశ దాటిపోయిందంది డాక్టరమ్మ. నీరు తీస్తారు, మళ్లీ చేరుతుంది… రిపోర్టు పెద్ద డాక్టరుకీ చూపించా. అదే మాట.

— నీ తప్పేం కాదు. గ్యాస్ అయితే వస్తుంది, పోతుంది. ఇలా పెరుగుతూ పోదట. నువ్వు దూరాన ఉన్నావు, నీకెలా తెలుస్తుంది. పెరిగింది నా చేతి కింద.

— దానికా… చెప్పలేదు. నోరు రాలేదు. నువ్వు రా. ఇవాళే బయల్దేరు. ఇద్దరం పక్కనుంటే ఎలాగో…

ఉండు, అది వస్తోంది. ఏడుపు ఆపుకో.

ఏంటే?… తమ్ముడే… అవునా. ఎవరన్నారు?

తమ్ముడూ, విను… డాక్టరమ్మ ఇక ఏది కావాలంటే అది తినమందట. పథ్యమే అక్కర్లేదందట. అంటే గ్యాస్ తగ్గిపోయినట్టేనని మీ చిన్నక్క ఒకటే సంబరం. నీకు తనే చెప్పాలట. ఇదిగో, ఇస్తున్నా, మాట్లాడు…

హలో?… తమ్ముడూ?…

పెట్టేశాడే. సిగ్నల్ లేదేమో.