పోలేరయ్య ఎత్తుకెళ్లిన రిజిస్టరు

తేదీ 13-06-2025, ఉదయం 10-20. ఎస్సై గారి ముందు చెప్పినది.

నా పేరు ఉచ్చూరు పోలేరయ్య. తండ్రి కీర్తిశేషులు మస్తానయ్య. వయసు అరవై తొమ్మిది. వరి సేద్యం. దొరవారిసత్రం మండలం తూర్పుకండ్రిగలో ఉంటాను. నిన్నటిదాకా పోలీసు స్టేషను మెట్లెక్కినవాణ్ణి కాను.

మా ఊరి బడిలో పదకొండు మంది పిల్లలు, అయిదు తరగతులు, ఒక్కడే పంతులు. ఆయన మీటింగుకు పోతే బడికి తాళం. నా మనవరాలు వెన్నెల రెండో తరగతి అయిపోయింది. సూళ్లూరుపేటలో చేపలవీధి ప్రైమరీ స్కూల్లో తరగతికొక టీచరు ఉన్నారు. అక్కడికి మార్చాలనుకున్నాను. మూడో తరగతిలో ఎనిమిది ఖాళీలే ఉన్నాయని, ముందు వచ్చినవాళ్లకే ఇస్తారని తెలిసింది. అక్కడ సీటు దొరికాకే టీసీ తీసుకెళ్లమని మా పంతులు చెప్పాడు. "సీటు ఎట్ట రాదో నేను చూస్తాలే, నువ్వు రాసియ్యి" అని ఏప్రిల్లో సెలవులిచ్చిన రోజే రాయించుకున్నాను.

నిన్న గురువారం నేను, కోడలు వాణి, పాప మొదటి బస్సెక్కి ఆరుంపావుకు స్కూలు చేరాం. అక్కడ అందరూ వరండాలో చెప్పులు వరసగా పెడతారు. ఎవరి చెప్పులు ముందుంటే వాళ్లు ముందు. నా చెప్పులు నాలుగోవి. రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను, నాలుగోవి. పాప ఆకలంటే ఇడ్లీ తినిపించడానికి ముగ్గురం రోడ్డు మీదికి వెళ్లాం. ఏడింటికి తిరిగొచ్చేసరికి వరసలో పది జతలున్నాయి. నావి లేవు. గోడ పక్కన చెత్తలో ఉన్నాయి.

వాచ్‌మన్ మధుబాబును అడిగాను.

"ఎవురో పారేసినవి అనుకున్నా తాతా. తీగతో కట్టుండాయి, అయ్యి ఎవురన్నా తొడుక్కుంటారా?" అన్నాడు.

"నేను తొడుక్కుంటా. యాడుండినాయో ఆడ పెట్టు."

"ఇప్పుడు పెడితే వెనకోళ్లు నన్ను తంతారు."

వరసలో ఒకావిడ, "కొత్తవి కొనుక్కోని రా పెద్దాయనా, అప్పుడు ముందు నిలబెడతాం" అంది. అందరూ నవ్వారు.

తొమ్మిదింటికి హెడ్‌మిస్ట్రెస్ ఫ్లోరా మేడం టోకెన్లు ఇచ్చింది. నాకు పదకొండు. సీట్లు ఎనిమిది. మిగతావాళ్లు ఉంటే ఉండొచ్చు, పోతే పోవచ్చు అంది. చెప్పుల సంగతి చెప్పాను. "చెప్పుల వరస మా రూలు కాదు, మీలో మీరు పెట్టుకున్నది" అంది. అయుండొచ్చు. కానీ నాలుగోవాణ్ణి నేను.

పదకొండున్నరకు మేడం తరగతిలోకి వెళ్లింది. ఆఫీసు బల్ల మీదున్న పొడుగాటి రిజిస్టరు తీసుకున్నాను. అది లేకపోతే ఎవరి పేరూ ఎక్కించలేరు, వెన్నెల పేరు రాస్తామంటేనే తిరిగిద్దాం అనుకున్నాను. గేటు దగ్గర మధుబాబు అడ్డం వచ్చాడు.

"అదేం పుస్తకమో తెలుసునా తాతా?"

"తెలుసు" అన్నాను. అట్ట తెరిచి, చదివినట్టు చూసి, మూశాను. చుట్టూ జనం ఉన్నారు. మళ్లీ వాళ్ల చేత నవ్వించుకోను. అతను చెయ్యి పట్టుకుంటే తోశాను. పడ్డాడు, మోచెయ్యి గీరుకుంది. అది ఒప్పుకుంటున్నాను.

రైల్వే స్టేషనుకు నడిచి, ప్లాట్‌ఫాం బెంచీ మీద రిజిస్టరు తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. వాణి తొమ్మిదిసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఎత్తితే తెచ్చియ్యమంటుంది. మోగిన కొద్దీ, మేడం దిగొస్తోందని సంతోషపడ్డాను.

12-40కి వాణి, పాప, మధుబాబు వెతుక్కుంటూ వచ్చారు.

"మామా, టీసీ యాడ?" అంది వాణి.

నా చొక్కా జేబులో ఉంది.

"ముగ్గురికి కాగితాలు సరిలేవని పంపించేసినారు. మన టోకెను వచ్చింది మామా. మేడమే వెన్నెలని పిలిచింది. పన్నెండున్నర దాకా ఆగింది. టీసీ లేదని పన్నెండో టోకెనోళ్లకు ఇచ్చేసింది."

"నన్ను పిలిస్తే, ప్రెజెంట్ మేడం అన్నా తాతా" అంది పాప.

"ఎందులో రాసినారు?" అని అడిగాను. రిజిస్టరు నా దగ్గరుంది కదా.

మధుబాబు అది తీసుకుని అట్ట చూశాడు. "ఇది కోడిగుడ్ల రిజిస్టరు తాతా. మధ్యాన్నం అన్నంలో పిల్లోళ్లకు పెట్టే గుడ్లు రాసేది" అన్నాడు. అతను నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఇప్పుడు వెన్నెల పేరు ఆ బడిలో లేదు, ఈ బడిలో లేదు. వాణి నిన్నటినుంచి నాకు అన్నం పెడుతోంది, మాట్లాడదు. రాత్రి మా పంతులుకు ఫోన్ చేశాను. "నువ్వే బడికొచ్చి అడుగు పెద్దాయనా" అన్నాడు. సోమవారం వెళ్లి ఆయన ముందు నిలబడాలి.

మధుబాబు మీద నాకు ఫిర్యాదు లేదు. మేడం నా మీద పెట్టిన ఫిర్యాదులో రిజిస్టరు తీసిన మాట నిజం, తోసిన మాట నిజం.

ఎస్సై గారు చివర "చదువుకుని సరిచూసుకున్నాను" అని రాస్తే కొట్టేయించాను. నేను చదవలేదు. నాకు చదవడం రాదు. ఆయన చదివితే విన్నాను. విన్నంతవరకు నేను చెప్పిందే ఉంది, అబద్ధం లేదు.

ఉచ్చూరు పోలేరయ్య
ఎడమచేతి బొటనవేలి ముద్ర