అయిదు ధక్కాల బిల్లు

“బిల్లు జేబుల పెట్టుకో అంటున్న గద, మళ్ళ బల్ల మీద పెడ్తవేంది?”

“సచ్చినోని ఇంటికి బిల్లు పట్టుకపోతరానే ఎవలన్న?”

సూరత్‌లో సచిన్ అనే ఫ్యాక్టరీల పేట పక్కన, ఉన్ అనే బస్తీ, పొద్దున పది గంటలు. కొత్త షెడ్లలో మరమగ్గాలు బిగించే ఫిట్టరు గంగారాం, ఉన్న ఒక్క తెల్ల చొక్కా తొడుక్కుని, తనకు పని చెప్పిన సేఠ్ ఉఠమణాకు బయలుదేరాడు. భార్య ఐలమ్మ మాత్రం గడప మీద అడ్డంగా కూర్చుంది, ఇక దాటమనండి చూద్దాం!

“ఎందుకు పట్టుకపోరు? సేఠ్ సస్తే కొడుకులు లేరా? వాళ్ళ చేతుల పెట్టు.”

“ఉఠమణా అంటే ఏందో తెలుసా నీకు? సచ్చిన మూడో దినం అందరు కలిసి కూసునుడు. తెల్లబట్ట పరుస్తరు. కూసోవాలె, దండం పెట్టాలె, లేచి రావాలె. నోరు తెరవొద్దు. మా పాత షెడ్డు ముసలి సేఠ్ పోయినప్పుడు నేను పోలేదా? అసుంటి కాడ బిల్లు తీస్తే ఏమంటరు?”

“గంగారాం పైసలడిగిండు అంటరు. అడుగు, అడుగు అని నెల సంది మొత్తుకుంటున్న. బతికున్నప్పుడు అడిగినవా?”

“పని అయినంక అన్ని కలిపి ఇస్తనన్నడు.”

“మొదలైతే గద అయ్యేటందుకు! మొదటిసారి పోతివి, షెడ్డుల సిమెంటు నేల పోయలే. రెండోసారి పోతివి...”

“రెండోసారి పోసిండ్రు.”

“పచ్చిది! నీ బూటు దిగవడ్డది అండ్ల. మగ్గం నిలబడ్తదా దాని మీద?”

“జర ఆరాలె అన్న. ఆగిన.”

“మూడోసారి కరెంటు లేదు.”

“మీటరు రాలే. అది సేఠ్ చేతుల ఉంటదా?”

“మరి టెంపో కిరాయి ఎవని చేతుల ఉన్నది? పానాల పెట్టె, చెయిను పుల్లీ, జాకీలు... ఎక్కిచ్చుడు, దించుడు, మళ్ళ ఎక్కిచ్చుడు. పోను రాను తొమ్మిది నూర్లు. నీ దినం కూలి పాయె.”

“నాలుగోసారి అన్ని ఉండె గదనే. నేల ఆరింది, కరెంటు వచ్చింది...”

“మగ్గాలు రాలే!”

“అవును. మగ్గాలు రాలే.”

“నవ్వుతున్నవా?”

“నవ్వక ఏం జెయ్యాలె? ఇరవై నాలుగు మగ్గాలు బిగియ్యాలె అని, ఖాళీ షెడ్డు ఊడ్చి, అగరుబత్తి ముట్టిచ్చి పిలిచిండు. ‘ఆజా గంగారాం, సబ్ తయ్యార్!’ నాలుగు నెలల పని అని ఇంకో పని గూడ ఇడిసిపెట్టిన.”

“అయిదోసారి తాళం.”

“అయిదోసారి తాళం.”

“ఇగో, మన పిల్ల సంతోషి సక్కగ రాసింది. ఉత్తగ తిరిగిన ధక్కాలు అయిదు. ఒక్కొక్క ధక్కాకు పద్నాలుగు నూర్లు. ఏడు వేలు. ఏసీ బిగిచ్చేటోడు గూడ ఉత్తగ తిప్పిచ్చుకుంటే ధక్కా పైసలు తీసుకుంటడు. మనమేమన్న కొత్తగ అడుగుతున్నమా?”

“ఏసీ వాని సంగతి వేరే.”

“ఏం వేరే? వాడు తిరిగితే పెట్రోలు కాల్తది, నువ్వు తిరిగితే నీళ్ళు కాల్తయా?”

“వానికి ఊరంత గిరాకి. నాకు ఇద్దరు ముగ్గురు సేఠ్‌లు. ఉత్తగ వచ్చి పోయినందుకు బిల్లు వేసిండని పేరు పడ్డదనుకో, సచిన్ నుంచి పాండేసరా దాంక ఒక్కడు పిలువడు.”

“పిలిస్తే ఏం పట్టుకొని పోతవు? నీ పానాల పెట్టె గిర్వి దుకాణంల ఉన్నది. టెంపో వానికి కట్టేటందుకు నువ్వే పెట్టి వచ్చినవు. ఇయ్యాల సాయంత్రం ఆరు వేల ఆరు నూర్లు కట్టకపోతే అమ్ముత అన్నడు. అమ్మినంక ఏం జేస్తవు? చెప్పు.”

“నా చెప్పులు యాడ పెట్టినవు?”

“చెప్పవేందయ్యా! మళ్ళ మగ్గం కాడ పన్నెండు గంటలు నిలబడ్తవా?”

“ఎవడు పెట్టుకుంటడే నన్ను? తెగిన పోగు కండ్లకు కానొస్తలేదు.”

“అందుకే అంటున్న. బిల్లు పట్టుకపో. పెద్దకొడుకును పక్కకు పిలిచి, మెల్లగ...”

“నా తోని కాదు ఐలమ్మా.”

“ఎందుకు కాదు?”

“కాదంటే కాదు. జరుగు, ఆలస్యమైతుంది.”

“ఎందుకో చెప్పి కదులు.”

“నేను వాన్ని తిట్టిన.”

“ఎప్పుడు?”

“అయిదోసారి. తాళం ముందర నిలబడి ఫోను చేసిన. పంపిస్త ఆద్మీని, పంపిస్త అని గంటన్నర ఎండల నిలబెట్టిండు. నాకు వొళ్ళు మండింది. ‘నీ షెడ్డు పాడువడ, నువ్వు పాడెక్క’ అన్న. తెలుగుల అన్న. వానికి తెల్వదు గద, నవ్వి ‘క్యా బోలా?’ అన్నడు. వారం తిరగలేదే. పోయిండు.”

“తిట్లకు పోతే ఈ సూరత్‌ల ఒక్క సేఠ్ మిగులునా?”

“నువ్వు నవ్వు. మూడొద్దుల సంది నాకు బుక్క దిగుతలేదు. కండ్లు మూస్తే వాని నవ్వే వినవడ్తున్నది.”

“అయ్యో... గందుకా నువ్వు తింటలేవు? నేను పానాల పెట్టె రంది అనుకున్న.”

“అది గూడ ఉన్నది.”

మేడ మీద బట్టలు ఆరేసి, ఖాళీ బకెట్‌తో సంతోషి దిగి వచ్చింది. వాళ్ళ బిడ్డ, పర్వత్ పాటియా మార్కెట్‌లో ఒక చీరల దుకాణంలో లెక్కలు రాస్తుంది. ఈ రోజు సెలవు.

“ఏంది బాపూ, తెల్ల చొక్కా? ఎటు పోతున్నవు?”

“సేఠ్ ఉఠమణాకు బిడ్డా.”

“ఉఠమణాకా? సచ్చిపోయిండు అన్నవు గని, ఉఠమణా అన్లేదు గదా నాకు! ఎవరు చెప్పిండ్రు నీకు?”

“షెడ్డు వాచ్‌మన్. సోమవారం పొద్దున ఫోన్ చేసిండు.”

“ఏమన్నడు? ఉన్నదున్నట్టు చెప్పు, ఏక్‌దమ్ వాడన్న మాటే.”

“‘గంగారాం, సేఠ్ కా ఉఠమణా హో గయా, జల్దీ ఆవ్, సబ్ ఆ రహే హై’ అన్నడు, అందరు వస్తున్నరు, జల్దీ రా అని. ఇయ్యాల బుధవారం. మూడో దినం.”

“సచ్చిండు అన్న మాట అన్నడా?”

“ఉఠమణా అంటే ఇంకేంది?”

“బాపూ, సేఠ్‌ల ఇండ్లల్ల ఎవరన్న పోతే ఫోటో పెట్టి, టైము, జాగా రాసి వాట్సప్‌ల పంపుతరు. నీకు వచ్చిందా?”

“రాలే. మన అసుంటోళ్ళకు ఎందుకు పంపుతరు.”

“సేఠ్ ఫోన్?”

“బందు ఉన్నది. సచ్చినోని ఫోన్ ఎట్ల మోగుతది?”

“మరి నువ్వు చేసినవా?”

“ఒక్కసారి... చేసిన తియ్యి.”

“అవ్వా, నువ్వు గూడ ఇను. మా మార్కెట్ల ఉఠమణా అంటే సావు కాదు. అందరికి పైసలు ఎగవెట్టి, రాత్రికి రాత్రి తాళం వేసి పరారైతే, ఫలానోని ఉఠమణా అయింది అంటరు. మా గల్లీల మొన్ననే ఒకటి అయింది. అయిందని తెలిస్తే చాలు, పైసలు రావాల్సినోళ్ళు ఉరికి పోయి, చేతికి దొరికింది పట్టుకపోతరు. అందుకే జల్దీ ఆవ్ అన్నడు!”

“అంటే... ఏందే సంతోషీ? ఆ ముండకొడుకు సావలేదా?”

“లేదవ్వా. ఎటో పారిపోయిండు.”

“బతికే ఉన్నడా?”

“ఉన్నడు బాపూ.”

“నిజం చెప్పు బిడ్డా. బతికే ఉన్నడా?”

“నిజంగ బాపూ.”

“హమ్మయ్య.”

“హమ్మయ్యనా? ఏడు వేలు ముంచి పోతే హమ్మయ్య అంటడు సూడు, నీ మొగం మండ! ఏడుస్తున్నవేందయ్యా?”

“ఏడుస్తలేను. నేనే సంపిననుకున్ననే ఐలమ్మా, మూడొద్దులు. నా నోటి తోని నేనే సంపిననుకున్న.”

“అవ్వా, తిట్టకు. బాపూ, ఇట్ల కూసోకు. లే. ఇప్పుడన్న పోదాం, నేను గూడ వస్త.”

“ఎక్కడికి బిడ్డా?”

“షెడ్డు కాడికి! ఏదో ఒకటి మిగిలి ఉంటది. తలుపో, పైపో, ఏదైతే అది. సాయంత్రం లోపల అమ్మి నీ పెట్టె ఇడిపిచ్చుకుందాం.”

“ఏం లేదు అక్కడ.”

“పోకముందే నీకెట్ల తెలుసు?”

“తెలుసు.”

“ఎట్ల తెలుసయ్యా? పిల్ల మంచి మాట చెప్తున్నది, లే! వాచ్‌మన్ నీ దోస్తే గదా, వాన్నడుగు.”

“అడిగేదేం లేదే. వాడు నిన్న మళ్ళ ఫోన్ చేసిండు. ‘నీ ధక్కాలకని పది కిలోల రాగి తీగ దాచి పెట్టిన గంగారాం, ఏడు వేలకు తక్కువ గాదు, ఎవ్వరు సూడకముందే వచ్చి తీస్కపో’ అన్నడు. సచ్చినోని సొమ్ము నేను ముట్టనని, టెంపో వాన్ని పంపి, ఆ తీగంత టెంపో వానికే ఇప్పిచ్చిన.”